సూదీ దారం, అమ్మా పిల్లలూ



ముందుగా ఒక పొడుపు కథ విప్పండి.

దానికి ఒకటే కన్ను. తోక మాత్రం మూరెడు. నడిచే కొద్దీ తోక తరిగిపోతుంది. ఏమిటది?

అవును. సూదీ దారం!

సూది లేని ఇల్లు ఉండదు. గోడ మీద క్యాలెండరుకు గుచ్చి ఉంటుంది. లేదంటే పాత పౌడరు డబ్బాలో పడి ఉంటుంది. చొక్కా చినిగినప్పుడు గుర్తొస్తుంది. జాకెట్టు హుక్కు ఊడినప్పుడు గుర్తొస్తుంది. పని కాగానే మళ్లీ గోడకెక్కుతుంది.

ఈ సూదితో పిల్లలకు ఆటలు నేర్పవచ్చు. అంకెలు నేర్పవచ్చు. అక్షరాలు కూడా నేర్పవచ్చు. అంతే కాదు, మరిచిపోయిన అక్షరాలు తల్లికే మళ్లీ గుర్తుకు రావచ్చు.

సూదితో అక్షరాలా? అదెట్లా? ఒక ఇంటి కథ వినండి.

ఆ ఇల్లు

అనంతపురం వైపు ఒక పల్లె అనుకోండి. ఎండాకాలం. బడికి సెలవులు. ఆ ఇంట్లో అవ్వ ఉంది. తల్లీ తండ్రీ ఉన్నారు. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 11 ఏళ్లు. పిల్లోడికి 7 ఏళ్లు. చిన్నదానికి 4 ఏళ్లు.

ఆ తల్లి చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. సంతకం పెట్టడం నేర్చుకుంది. బస్సు బోర్డు చదవడం నేర్చుకుంది. ఆమె సంతోషానికి అంతు లేదు. తర్వాత కోతలు వచ్చాయి. శెనక్కాయలు ఒలిచే పని వచ్చింది. పుస్తకం అటక మీదికి పోయింది. రెండేళ్లు గడిచాయి.

ఒక రోజు బడి నుంచి కాగితం వచ్చింది. తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొన్ని అక్షరాలు తెలిశాయి. కొన్ని తెలియలేదు. పెద్దమ్మాయి వచ్చి కాగితం లాక్కుంది.

"నీకేం తెలుస్తుందిలేమ్మా! నీకు చదువు రాదు కదా!" అంది.

పిల్ల మాట పిల్లది. కానీ తల్లి మనసులో ముల్లు దిగింది. ఆమె ఏమీ అనలేదు. పిల్లోడి చొక్కా తీసుకుని గుండీ కుట్టడానికి కూర్చుంది.

పిల్లోడు వచ్చి పక్కన చేరాడు.

"అమ్మా, నాకూ సూది ఇయ్యి. నేనూ కుడతా."

అవ్వ నవ్వింది. "మగపిల్లోడికి సూదెందుకురా?" అంది.

"ఊళ్లో దర్జీ మగోడే కదా అత్తా!" అంది తల్లి. అవ్వ కూడా ఒప్పుకుంది. కథ అక్కడ మొదలైంది.

ముందు జాగ్రత్త

పిల్లల చేతికి సూది ఇచ్చే ముందు తల్లి కొన్ని మాటలు చెప్పింది. ఇవి ప్రతి ఇంటికీ పనికొస్తాయి.

సూదులు లెక్కపెట్టి ఇవ్వాలి. లెక్కపెట్టి తీసుకోవాలి. 3 ఇస్తే 3 తిరిగి రావాలి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా ఎవరూ లేవకూడదు. పాత రేడియో స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. దాన్ని నేల మీద తిప్పితే పడిన సూది అంటుకుంటుంది.

సూదిని నోట్లో పెట్టుకోకూడదు. ఒంటి మీది బట్టకు గుచ్చుకోకూడదు. గుడ్డ పేలికలు చిన్న మూటగా కట్టి, దానికే గుచ్చాలి.

పిల్లలకు కొంచెం లావు సూది, పెద్ద బెజ్జం ఉన్నది ఇవ్వాలి. దారం మూరెడు ఉంటే చాలు. పొడుగైతే చిక్కు పడుతుంది. చిక్కు పడితే పిల్లలకు విసుగొస్తుంది.

పగటి వెలుగులోనే కుట్టాలి. గుడ్డి వెలుగులో కుడితే కళ్లు లాగుతాయి. వేలికి గుచ్చుకుంటుంది.

సూది గుచ్చుకుంటే సబ్బుతో, నీళ్లతో బాగా కడగాలి. తుప్పు సూది అసలు వాడొద్దు. ధనుర్వాతం రాకుండా పిల్లలకు టీకాలు ఉన్నాయి. పసితనంలో వేసేవి కాక, 5 ఏళ్లు దాటాక ఒకటి వేస్తారు. 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు అడగరు. టీకా కార్డు తీసి చూడండి. ఏది మిగిలిందో మీరే చదవండి. అనుమానం ఉంటే ఏఎన్ఎమ్మును అడగండి.

చిన్నదానికి అట్ట ఆట

4 ఏళ్ల పిల్లకు సూది ఇవ్వకూడదు. మరి అది ఊరుకుంటుందా? "నాకూ! నాకూ!" అని ఏడ్చింది.

ఇంట్లో పాత పెళ్లి పత్రిక ఉంది. దాని అట్ట గట్టిగా ఉంది. తల్లి బొగ్గుతో దాని మీద పెద్ద 'అ' రాసింది. చెయ్యి వణికింది. రెండేళ్ల తర్వాత రాసిన అక్షరం మరి! తర్వాత దబ్బనంతో ఆ అక్షరం పొడవునా బెజ్జాలు పొడిచింది. వేలి వెడల్పుకు ఒక బెజ్జం.

పాత బూటు లేసు ఒకటి దొరికింది. దాని కొన గట్టిగా ఉంటుంది. సూది అక్కరలేదు. చిన్నది ఆ లేసును ఒక బెజ్జంలోంచి కిందికి పంపింది. ఇంకో బెజ్జంలోంచి పైకి తీసింది. కిందికి, పైకి. కిందికి, పైకి. చివరికి అట్ట మీద 'అ' లేచి నిలబడింది.

లేసు లేకపోతే పురికొస వాడవచ్చు. కొనకు కొంచెం మైనం రాస్తే గట్టిపడుతుంది.

మర్నాడు చిన్నది 'ఆ' కావాలంది. ఆ మర్నాడు 'ఇ' కావాలంది. తల్లి రాత్రి పూట అటక మీది పుస్తకం దింపింది. 'ఇ' ఎట్లా రాయాలో చూసుకుంది. ఎవరికీ చెప్పలేదు.

పిల్లోడి గుండీ

పిల్లోడి పని చొక్కా గుండీ. 6, 7 ఏళ్ల పిల్లలు ఇది నేర్చుకోగలరు.

దారం రెండు పోగులు చేసి, చివర ముడి వేయాలి. గుండీ ఊడిన చోట కింది నుంచి సూది పైకి తీయాలి. గుండీ బెజ్జంలోంచి సూది పోనిచ్చి, పక్క బెజ్జంలోంచి కిందికి దించాలి. ఒక కుట్టు పడింది.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది. గుండీకీ గుడ్డకీ మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టాలి. దాన్ని అట్లాగే ఉంచి 4, 5 సార్లు కుట్టాలి. తర్వాత పుల్ల లాగేయాలి. గుండీ కొంచెం వదులుగా ఉంటుంది. ఆ వదులు దారానికి, గుండీ కింద, 3 చుట్లు చుట్టాలి. సూది కిందికి దించి ముడి వేయాలి.

పుల్ల ఎందుకు? కాజా ఉన్న పక్క గుడ్డకు కొంచెం మందం ఉంటుంది. ఆ మందానికి చోటు కావాలి. చోటు లేకుండా బిగించి కుడితే గుండీ పట్టదు. గుంజితే ఊడిపోతుంది.

పిల్లోడు మొదటిసారి గుండీని చొక్కా ముందుకీ వెనక్కీ కలిపి కుట్టేశాడు. తొడుక్కుందామంటే తల దూరలేదు! ఇల్లంతా నవ్వింది. వాడు కూడా నవ్వాడు. విప్పి మళ్లీ కుట్టాడు. తల్లి వాణ్ణి తిట్టలేదు. సూది లాక్కుని తాను కుట్టలేదు. అది ముఖ్యం. పిల్లల కుట్టు వంకర పోతుంది. పోనివ్వండి. చేత్తో చేసిన కొద్దీ అదే తిన్నగా వస్తుంది.

ఆ సాయంత్రం వాడు వీధి వీధీ తిరిగి చొక్కా చూపించాడు. "గుండీ నేనే కుట్టుకున్నా!" అని చెప్పుకున్నాడు.

సంచి పొట్టిదైంది

పెద్దమ్మాయికి పుస్తకాల సంచి కావాలి. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. కొత్త సంచి కొనడానికి డబ్బు లేదు.

పెట్టెలో పాత లంగా గుడ్డ ఉంది. గట్టి గుడ్డ. "పొడవు 4 జానలు, వెడల్పు జానన్నర కత్తిరించు" అంది తల్లి. అమ్మాయి జానతో కొలిచింది. కత్తిరించింది. ఇద్దరూ కూర్చుని కుట్టారు. సాయంత్రానికి సంచి తయారైంది.

అమ్మాయి ఒక పుస్తకం పెట్టింది. దూరింది. రెండోది పెట్టింది. దూరలేదు!

అమ్మాయికి ఏడుపొచ్చింది. "నువ్వు చెప్పినట్టే కొలిచా కదమ్మా!" అంది.

తప్పు ఎక్కడ జరిగింది? మీరే చెప్పండి.

తల్లి తన చెయ్యి చాపింది. కూతురి చెయ్యి పక్కన పెట్టింది. అప్పుడు తెలిసింది. తల్లి జాన వేరు. పిల్ల జాన వేరు!

అమ్మాయి బడి స్కేలు తెచ్చింది. తల్లి తన జానను స్కేలు మీద పెట్టింది. 'ఒకటి' అన్న అంకె దగ్గర బొటనవేలు పెట్టింది.

"అక్కడ కాదమ్మా. సున్నా దగ్గర మొదలుపెట్టాలి" అంది కూతురు. తల్లి వేలు జరిపింది.

అందరి జానలూ కొలిచారు. తల్లి సుద్దముక్కతో గోడ మీద రాసింది.

అమ్మ – 8 అంగుళాలు
అవ్వ – 7 అంగుళాలు
అక్క – 6 అంగుళాలు
తమ్ముడు – 5 అంగుళాలు

అమ్మ జానతో 4 జానలంటే 32 అంగుళాలు. అక్క జానతో 4 జానలంటే 24 అంగుళాలే. 8 అంగుళాలు తగ్గిపోయింది! అందుకే సంచి పొట్టిదైంది.

జాన, మూర, బెత్తెడు మంచి కొలతలే. ఒక మనిషి పనికి బాగా పనికొస్తాయి. ఇద్దరు కలిసి పని చేస్తే స్కేలో టేపో కావాలి. దర్జీ టేపు మీద ఒక వైపు 60 అంగుళాలు ఉంటాయి. రెండో వైపు 150 సెంటీమీటర్లు ఉంటాయి. చేతికి దొరికినప్పుడు చదివి చూడండి.

పొట్టి సంచి వృథా కాలేదు. అవ్వ దాన్ని తీసుకుంది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ అన్నీ అందులో పెట్టుకుంది. "నా మనవరాలు కుట్టింది" అని అందరికీ చూపింది.

రెండో సంచి

ఈసారి తల్లీ కూతురూ కూర్చుని ముందు లెక్క వేశారు. మీరూ ఈ లెక్కతోనే కుట్టుకోవచ్చు.

గుడ్డ పొడవు 34 అంగుళాలు. వెడల్పు 14 అంగుళాలు.

మొదట మూతి దగ్గర మడత. పొడవుకు రెండు కొసలా గుడ్డను అర అంగుళం మడవాలి. దాని మీద ఇంకో అర అంగుళం మడవాలి. దారాలు లోపలికి పోతాయి. మడత మీద చిన్న చిన్న కుట్లు వేయాలి. ఒక్కో కొసకు అంగుళం పోయింది. మిగిలింది 32 అంగుళాలు.

తర్వాత గుడ్డను సగానికి మడవాలి. మంచి వైపు లోపలికి ఉండాలి. ఇప్పుడు లోతు 16 అంగుళాలు.

రెండు పక్కలా, అంచు నుంచి అర అంగుళం వదిలి కుట్టాలి. ఇక్కడ మామూలు కుట్టు చాలదు. పుస్తకాల బరువుకు విడిపోతుంది. ఒక కుట్టు ముందుకు వేయాలి. సగం వెనక్కి రావాలి. మళ్లీ ముందుకు పోవాలి. మిషను కుట్టులా వరసగా కనిపిస్తుంది. ఇదే గట్టి కుట్టు. కుట్టిన తర్వాత అంచు దారాలు ఊడకుండా, అంచు చుట్టూ సూది తిప్పుతూ ఇంకో వరస వేయాలి.

సంచిని తిరగేస్తే మంచి వైపు బయటికి వస్తుంది. 13 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు.

ఇక పట్టీలు. 3 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉన్న ముక్కలు రెండు కావాలి. ఒక్కొక్కటి మూడు మడతలు వేసి, మీద కుట్టాలి. అంగుళం వెడల్పు పట్టీ వస్తుంది. సంచి మూతి దగ్గర పట్టీ కొసను లోపలి వైపు పెట్టి, చుట్టూ నలుచదరంగా కుట్టాలి. మధ్యలో అడ్డంగా, ఐమూలగా ఇంకో రెండు కుట్లు వేయాలి. సంచి బరువంతా పట్టేది అక్కడే.

ఇంకా తేలిక దారి కూడా ఉంది. నాన్న పాత ప్యాంటు కాలు కత్తిరించండి. రెండు పక్కలా కుట్టు ముందే ఉంటుంది. అడుగున కుట్టి, పట్టీ వేస్తే చాలు. పిల్లోడి సంచి అట్లాగే తయారైంది. దానికి ప్యాంటు జేబు కూడా కుట్టుకున్నాడు వాడు. పెన్సిలు పెట్టుకోవడానికి!

గుడ్డ బొమ్మ

చిన్నది మళ్లీ ఏడుపు లంకించుకుంది. "నాకు సంచి లేదు" అని. దానికి బొమ్మ చేసింది అక్క.

చేతి రుమాలంత గుడ్డ తీసుకుంది. మధ్యలో గుడ్డ పేలికల ఉండ పెట్టింది. చుట్టూ గుడ్డ దగ్గరికి లాగి, మెడ దగ్గర దారంతో గట్టిగా కట్టింది. తల వచ్చింది. మిగిలిన గుడ్డే బొమ్మకు గౌను అయింది. నల్ల దారంతో కళ్లు కుట్టింది. ఎర్ర దారంతో నోరు కుట్టింది. పేలికలు బదులు బూరుగు దూది పెడితే ఇంకా మెత్తగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. పసిపిల్లల బొమ్మకు గుండీలు, పూసలు కుట్టొద్దు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు. గొంతుకు అడ్డం పడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. దారంతో కుట్టిన కన్ను ఊడదు.

అవ్వ బొంత

ఇన్ని పనులు జరిగాక ముక్కలు బోలెడు మిగిలాయి. అవ్వ చూసింది. "పారేయొద్దు, బొంత కుడదాం" అంది.

బొంత అందరికీ తెలిసిందే. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, మీద ముక్కలు పేర్చి, పొడవునా కుట్లు వేస్తూ పోతారు. కిందికి, పైకి. కిందికి, పైకి. చిన్నది అట్ట మీద ఆడిన ఆట ఇదే! బెంగాలు వైపు ఇట్లాంటి బొంతను కాంతా అంటారు. అక్కడి ఆడవాళ్లు పాత చీరల అంచుల నుంచి రంగు దారాలు లాగి, వాటితో పూలు, చేపలు కుట్టేవారు. సుగాలి తండాల్లో తల్లులు కూతుళ్లకు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టడం నేర్పుతూ వచ్చారు. బడి ముఖం చూడని ఆడవాళ్లు కూడా ఈ విద్యను తరాల పాటు నిలబెట్టారు.

అవ్వకు చత్వారం వచ్చింది. సూది బెజ్జం కనిపించదు. పిల్లోడు పోటీ పడి దారం ఎక్కించి ఇచ్చాడు. అవ్వ కుడుతూ ఒక్కో ముక్క కథ చెప్పింది.

"ఇది మీ నాన్న పుట్టినప్పటి చీర. ఇది మీ అత్త పెళ్లి నాటిది. ఈ ఎర్ర ముక్క, కరువులో కూలికి పోయినప్పుడు కట్టింది."

పిల్లలు కదలకుండా విన్నారు. (చత్వారానికి కళ్లద్దాలు ఉంటాయి. కంటి పరీక్ష చేయిస్తే అవ్వ కూడా మళ్లీ దారం ఎక్కించగలదు. ఆ తర్వాత తల్లి ఆమెను పరీక్షకు తీసుకుపోయింది.)

బట్టల మనిషి వచ్చాడు

ఒక రోజు టౌను నుంచి బట్టల మనిషి వచ్చాడు. జాకెట్లకు హుక్కులు కుట్టే పని ఇంటింటికీ ఇస్తాడు. అరుగు మీద పెద్దమ్మాయి కుడుతోంది. ఆయన ఆగి చూశాడు.

"అమ్మాయి చెయ్యి బాగుంది. రోజూ జాకెట్లు తెచ్చిస్తా. ఇంట్లోనే కూర్చుని కుట్టుకోవచ్చు. ఇంక బడెందుకు?" అన్నాడు.

తండ్రి ఆలోచనలో పడ్డాడు. ఆ ఏడు శెనక్కాయ చేతికి రాలేదు. అప్పు ఉంది. "ఒక్క ఏడాది మానిపిద్దామా?" అన్నాడు మెల్లగా.

పెద్దమ్మాయి సూది ఆపింది. తల్లి వైపు చూసింది.

తల్లికి గొంతు పట్టేసింది. కొంచెంసేపటికి మాట వచ్చింది.

"అది కుట్టేది ఆటకు. సెలవుల్లో, సరదాకు. కూలికి కాదు. ఒక్క ఏడాది అని మానిన పిల్ల మళ్లీ బడికి పోతుందా? నన్ను కూడా ఒక్క ఏడాది అనే ఇంట్లో ఉంచారు. ఆ ఏడాది ఇంతవరకూ అయిపోలేదు" అంది.

ఎవరూ మాట్లాడలేదు.

చట్టం కూడా తల్లి మాటే చెబుతుంది. 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ప్రతి పిల్లకూ, పిల్లోడికీ ఉచితంగా చదువు చెప్పాలి. ఈ చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరమని 2016లో చట్టాన్ని గట్టి చేశారు. బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి పనిలో చెయ్యి వేయవచ్చు. చదువుకు మాత్రం అడ్డం రాకూడదు.

తల్లి బట్టల మనిషితో ఇట్లా అంది. "పని ఉంటే నాకియ్యి. పొలం పని లేని రోజుల్లో నేను కుడతా. ఎన్ని ఇచ్చావో నేను రాసుకుంటా."

"రాసుకుంటావా?" అన్నాడు ఆయన.

"రాసుకుంటా."

ఆ రాత్రి తల్లి కూతురి పాత నోటుబుక్కు తీసింది. ఖాళీ పేజీలో గీత కొట్టింది. ఒక పక్క తేదీ. ఒక పక్క జాకెట్లు ఎన్ని. కూతురు పక్కన కూర్చుని చూసింది.

వారం తిరిగింది. బట్టల మనిషి లెక్క కట్టాడు. "36" అన్నాడు. తల్లి పుస్తకం తెరిచి చూపింది. రోజు రోజుకూ రాసి ఉంది. మొత్తం 42. ఆయన ఇంకోసారి కూడాడు. 42కే డబ్బు ఇచ్చాడు.

తండ్రి ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. బడి మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

ఒత్తు మరిచింది

రేపు బడి తెరుస్తారు. సంచుల మీద పేర్లు కుట్టాలి. తల్లి సుద్దముక్కతో పేర్లు రాసింది. పిల్లలు ఆ గీత మీద రంగు దారంతో కుట్టుకున్నారు. అక్షరం కుట్టడానికి చిన్న కుట్లు వేయాలి. వంపు దగ్గర ఇంకా చిన్నవి వేయాలి. అప్పుడే అక్షరం గుండ్రంగా వస్తుంది.

పెద్దమ్మాయి సంచి తిరగేసింది. లోపలి వైపు మూలలో వేలు పెట్టింది.

"ఇక్కడ నువ్వు కుట్టమ్మా. నీ చేత్తో" అంది.

"ఏం కుట్టాలి?"

"అమ్మ అని."

తల్లి సుద్దముక్క తీసుకుంది. 'అ' రాసింది. పక్కన 'మ' రాసింది. సూదికి దారం ఎక్కించింది.

"అమ్మా, ఆగు. కింద ఒత్తు మరిచావు" అంది కూతురు. ఈసారి లాక్కోలేదు. ఎగతాళి చేయలేదు. వేలితో చూపించింది, అంతే.

తల్లి ఒత్తు పెట్టింది. అప్పుడు కుట్టింది. ఎర్ర దారం. చిన్న చిన్న కుట్లు. అక్షరం కొంచెం వంకర పోయింది.

"వంకర పోయిందే" అంది తల్లి.

"పోనీలే. చేసిన కొద్దీ తిన్నగా వస్తుంది. నువ్వే చెప్పావు కదా!" అంది కూతురు.

మర్నాడు పిల్లలు బడికి పోయారు. అటక మీది పుస్తకం ఇప్పుడు సూది డబ్బా పక్కనే ఉంటోంది. సూది కోసం చెయ్యి చాపినప్పుడల్లా అది తగులుతుంది.

అమ్మలారా! మీ ఇంట్లో సూది ఎక్కడుంది? మీ పుస్తకం ఎక్కడుంది? రెండూ ఒక చోట పెట్టండి. పిల్లలను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లకు తెలియని కుట్టు మీకు తెలుసు. మీరు మరిచిన అక్షరం వాళ్లకు తెలుసు. ఒకరికొకరు నేర్పుకోండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మొదటి సంచి ఎందుకు పొట్టిదైంది?
2. మీ జాన ఎన్ని అంగుళాలు? మీ పిల్లల జాన ఎన్ని అంగుళాలు? కొలిచి రాయండి.
3. గుండీ కింద అగ్గిపుల్ల ఎందుకు పెట్టాలి?
4. "ఒక్క ఏడాది" అని బడి మానిన పిల్లలు మీ ఊళ్లో ఉన్నారా? వాళ్లను మళ్లీ బడికి పంపడానికి మీరు ఏం చేయగలరు?
5. ఒక గుడ్డ ముక్క మీద 'అమ్మ' అని రాసి కుట్టండి. ఒత్తు మరవకండి!